సామాజిక దూరం మీద వ్యాసం చదివారా? అది నిజంగా ఒప్పిస్తోందో లేదో తేల్చుకోవడం ఎలా

వ్యాసం తెరవకముందే ఒక కాగితం ముక్క తీసుకుని ఒక్క వాక్యం రాసుకోండి: సామాజిక దూరం గురించి నా మనసులో ఇప్పటికే ఏముంది? "అవసరమే, ఇంకా గట్టిగా అమలు చేయాల్సింది" అనో, "అనవసరంగా జనాన్ని ఏడిపించారు" అనో, "ఏమో, రెండు వైపులా నిజం ఉంది" అనో. ఎవరికీ చూపించక్కర్లేదు, మడిచి పక్కన పెట్టుకోండి. 2020లో కోవిడ్‌ని దాటి వచ్చినవాళ్లలో ఈ విషయం మీద ఏ అభిప్రాయమూ లేని మనిషి దాదాపు ఉండడు. అందుకే మనకి నచ్చిన మాట చెప్పే వ్యాసం చదవగానే "అబ్బ, ఎంత బాగా రాశాడు" అనిపిస్తుంది, నచ్చని మాటయితే మొదటి పేరాలోనే తప్పులు కనపడతాయి.

నేను ఇలాగే దొరికిపోయాను. ఒక వ్యాసం చదివి, చాలా బాగుందని స్నేహితుడికి పంపించాను. వాడు తిరిగి ఒక్కటే అడిగాడు: "సరే, ఇందులో ఆయన చెప్పిన కారణాలేంట్రా?" మళ్లీ తెరిచి చూస్తే కారణం అనదగ్గది ఒక్కటే ఉంది. మిగతా ఆరేడు పేరాలూ నేను ముందే నమ్మినదాన్ని నాకే కొత్త మాటల్లో తిరిగి వడ్డించడం.

అందుకని ఇక్కడ మనం వేసుకునే ప్రశ్న ఇది: ఒప్పుకోని మనిషిని కదిలించే సరుకు ఈ వ్యాసంలో ఉందా? చెప్పిన సంగతి నిజమా అబద్ధమా అన్నది దీనికి దగ్గరిదే కానీ ఇదే ప్రశ్న కాదు. నిజాన్ని కూడా చచ్చు పుచ్చు కారణాలతో వాదించేవాళ్లు ఉన్నారు, తప్పుని చక్కగా నిలబెట్టేవాళ్లూ ఉన్నారు.

ముందు, అసలు ఏం అడుగుతున్నాడో పట్టుకోండి

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా, మామూలుగా చదివేయండి. చదివాక వ్యాసం మూసేసి, "ఈ రచయిత నన్ను ఏం నమ్మమంటున్నాడు?" అన్నదానికి జవాబు ఒక్క వాక్యంలో రాయండి. "సామాజిక దూరం గురించి" అని రాస్తే చెల్లదు, అది టాపిక్. "స్కూళ్లలో పిల్లల మధ్య దూరం నియమం ఎత్తేయాలి" లాంటిది కావాలి, అంటే దాన్ని ఎవరైనా కాదనగలిగేలా ఉండాలి. రెండుసార్లు ప్రయత్నించినా ఆ వాక్యం రాకపోతే లోపం మీది కాకపోవచ్చు. కర్ర విరగకుండా పాము చావకుండా రాసిన వ్యాసాలు చాలా ఉంటాయి. అలాంటిది తగిలితే అదే రాసి పెట్టుకోండి, తీర్పులో పనికొస్తుంది.

ఇక్కడ మన పాత తర్కశాస్త్రం నుంచి ఒక పనిముట్టు అరువు తెచ్చుకుందాం. భయపడకండి, చాలా తేలిక. న్యాయ దర్శనంలో ఒక వాదానికి ఐదు భాగాలు చెబుతారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. వాళ్లు ఎప్పుడూ చెప్పే కొండ మీద నిప్పు సంగతే చూడండి. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ కనపడుతోంది, ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూడలేదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నది కూడా అలాంటి పొగే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

ఈ ఐదింటిలో ఉపనయం మీద ఒక కన్నేసి ఉంచండి. "అక్కడ జరిగింది ఇక్కడికీ వర్తిస్తుంది, ఎందుకంటే ఇది కూడా అలాంటిదే" అని చూపించే మెట్టు అది. కొండ మీద ఉన్నది పొగమంచు అయితే వంటింటి ఉదాహరణ ఎంత గొప్పదైనా పనికిరాదు కదా. సామాజిక దూరం మీద నేను చదివిన వ్యాసాల్లో, అటువైపువీ ఇటువైపువీ, ఎక్కువ శాతం ఈ మెట్టు ఎక్కకుండానే పైకి దూకేశాయి.

"దూరం" అన్న మాట కనపడ్డ ప్రతిచోటా సున్నా చుట్టండి

రెండోసారి చదువుతున్నప్పుడు పెన్ను తీయండి. "దూరం", "సామాజిక దూరం", "ఆంక్షలు" అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా సున్నా చుట్టి, పక్కన మార్జిన్‌లో అక్కడ దాని అర్థం ఏంటో రాయండి. ఇదొక్కటే శ్రద్ధగా చేసినా సగం పని అయిపోతుంది. ఎందుకంటే ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరు వేరు పనులు దాక్కుని ఉన్నాయి: ఇద్దరు మనుషుల మధ్య ఇన్ని అడుగులు ఉండాలనడం, ఒకచోట ఇంతమందికి మించి చేరకూడదనడం, స్కూళ్లూ ఆఫీసులూ మూసేయడం, అందరినీ ఇంట్లోనే ఉండమనడం. వీటి లాభాలు వేరు, నష్టాలు వేరు, ఆధారాలూ వేరు. వ్యాసం మొదటి పేరాలో ఒక అర్థంతో మొదలై నాలుగో పేరాకి ఇంకో అర్థంలోకి జారిపోతే, మొదటిదానికి చూపించిన ఆధారం నాలుగోదానికి పనికిరాదు.

అడుగుల లెక్కే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 1 మీటరు అంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 6 అడుగులు, అంటే దాదాపు 1.8 మీటర్లు అంది. జర్మనీలో 1.5 మీటర్లు. బ్రిటన్‌లో మొదట 2 మీటర్లు, తర్వాత 2020 జూలై 4 నుంచి ఇంగ్లండ్‌లో "మీటరు ప్లస్", అంటే రెండు మీటర్లు కుదరకపోతే మీటరు, దానికి తోడు మాస్కు లాంటి ఇంకో జాగ్రత్త. 2021 మార్చిలో సీడీసీ స్కూలు పిల్లల విషయంలో, మాస్కులు ఉంటే 3 అడుగులు చాలంది. వైరస్ ఒకటే, అంకెలు ఇన్ని. దీన్ని చూసి ఒక రచయిత "అంతా ఊహాగానమే" అంటాడు, ఇంకొకడు "ఎంత తక్కువైనా అందరూ దూరం ఉండాలనే అన్నారుగా" అంటాడు. ఇద్దరూ అవే అంకెలు వాడారు. మీరు చూడాల్సింది, అంకెల నుంచి ఆ మాట దాకా ఎవరు మెట్లు కట్టారు, ఎవరు దూకారు అన్నది.

ఈ జారుడు ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడటానికి నేనే ఒక ముక్క కల్పిస్తున్నాను, ఇలాంటివి మీకు తరచూ తగులుతాయి:

"ఆరడుగుల నియమం వెనుక సరైన స్టడీ ఏదీ తనకి తెలియదని ఆంటొనీ ఫౌచీనే చెప్పారు. కాబట్టి సామాజిక దూరమంతా ఒక బూటకం."

మొదటి వాక్యానికి ఆధారం ఉంది. కోవిడ్ రోజుల్లో అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చిన అంటువ్యాధుల నిపుణుడు ఫౌచీ, 2024 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ సబ్‌కమిటీ ముందు ఇంచుమించు అలాగే చెప్పారు, ఆ అంకె ఎలాగో అలా వచ్చేసిందన్నట్టుగా. కానీ ఆయన మాట్లాడింది కచ్చితంగా ఆరు అడుగులే ఎందుకు అన్న దాని గురించి. "ఆరే ఎందుకు, ఐదు ఎందుకు కాదు" అన్నదానికి జవాబు లేకపోవడం వేరు, "దగ్గరున్నా దూరమున్నా తేడా లేదు" అనడం వేరు. రెండో వాక్యం దీన్ని దాన్ని ఒకటి చేసేసింది. ముక్క చిన్నది కాబట్టి ఇక్కడ వెంటనే కనపడుతోంది, నిజమైన వ్యాసంలో ఈ రెండు వాక్యాల మధ్య మూడు పేరాలు ఉంటాయి, ఆ లోపు మనం మర్చిపోతాం. సున్నాలు చుట్టమన్నది అందుకే.

(ఆ పదం మీదే గొడవ ఉంది, తెలుసా? మనుషులు బంధాలు తెంచుకోవాలన్న అర్థం వస్తోందని 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ "భౌతిక దూరం" అనడం మొదలెట్టింది. రచయిత ఏ మాట ఎంచుకున్నాడో గమనించండి కానీ, దాన్ని బట్టే తీర్పు చెప్పేయకండి.)

ఒక పేరా తీసుకుని వాక్యం వాక్యం విప్పండి

వ్యాసం మొత్తాన్ని ఇలా చేయాల్సిన పని లేదు, అంత ఓపిక ఎవరికీ ఉండదు. రచయిత తన బలమంతా పెట్టిన పేరా ఒకటి ఉంటుంది, సాధారణంగా మధ్యలోనో చివరి నుంచి రెండోదో. దాన్ని తీసుకోండి. ఇది కూడా నేను కల్పించిందే, ఈసారి అవతలి పక్షం నుంచి:

"దూరం పాటించడం వల్లే ప్రాణాలు దక్కాయని ఇప్పుడు ఎవరూ కాదనలేరు. ఆంక్షలు పెట్టిన మూడు వారాలకే కేసులు తగ్గుముఖం పట్టాయి. గుంపుగా చేరితే ఏమవుతుందో వాషింగ్టన్‌లోని గాయక బృందం ఉదంతం కళ్లకు కట్టింది. అయినా కొందరు స్వార్థపరులకి తమ సౌకర్యమే ముఖ్యం. ఈ పరిస్థితుల్లో స్కూళ్లు తెరవడమంటే పిల్లల ప్రాణాలతో చెలగాటమే."

చదువుతుంటే ఊపుగా ఉంది కదా. ఇప్పుడు విప్పుదాం.

మొదటి వాక్యంలో కారణం లేదు. "ఎవరూ కాదనలేరు" అనడం కాదనేవాళ్ల నోరు మూయించడానికి, వాళ్లని ఒప్పించడానికి పనికిరాదు.

రెండోది కారణంలాగే ఉంది. మన పెద్దలు దీన్ని కాకతాళీయం అన్నారు, కాకి వాలింది, తాటిపండు పడింది, కాకి వల్లే పడిందా? కాకి వల్లే పడి ఉండొచ్చు కూడా, అది గుర్తుంచుకోండి. కానీ ఆంక్షల రోజుల్లో చాలా పనులు ఒకేసారి జరిగాయి. మాస్కులు వచ్చాయి, టెస్టులు పెరిగాయి, ఎవరూ చెప్పకముందే భయపడి జనం బయటికి రావడం తగ్గించేశారు. వీటన్నిటిలో దూరం వాటా ఎంత? ఆంక్షలు పెట్టని లేదా ఆలస్యంగా పెట్టిన చోట అదే సమయంలో ఏమైంది? ఈ ప్రశ్న రచయిత ఒక్క వాక్యంలోనైనా ఎత్తితే అతనికి మంచి మార్కులు వేయండి, ఎందుకంటే ఎత్తేవాళ్లు తక్కువ.

మూడోది నిజంగా జరిగింది. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ కౌంటీలో ఒక గాయక బృందం రిహార్సల్‌కి 61 మంది వచ్చారు, రెండున్నర గంటలు పాడారు. వాళ్లలో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి మొత్తం 53 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 33 మందికి టెస్టులో తేలింది, 20 మందికి లక్షణాలను బట్టి అలా లెక్కవేశారు. ఇద్దరు చనిపోయారు. ఉదాహరణ గట్టిదే, మనసులో నాటుకుంటుంది. అయితే ఇది దేనికి ఉదాహరణ? మూసిన గది, గంటల కొద్దీ పాడటం, గొంతెత్తి గాలి వదలడం. అలాంటి గదిలో గాలే సమస్య అయితే, కుర్చీలు ఇంకో అడుగు జరిపినంత మాత్రాన ఒరిగేదేముంది అని ఒక చురుకైన పాఠకుడు అడుగుతాడు. చూశారా, అదే ఉదాహరణని "గుంపులు వద్దు" అనేవాడూ వాడొచ్చు, "అడుగులు కొలవడం కాదు, కిటికీలు తెరవండి" అనేవాడూ వాడొచ్చు. ఏ పక్షానికైనా ఉపనయం రాస్తేనే అది పనిచేసేది.

నాలుగో వాక్యం తిట్టు. ముందుకి వెళ్దాం.

ఐదోది అసలు ప్రతిజ్ఞ, స్కూళ్లు తెరవకూడదని. దానికి ముందున్న నాలుగు వాక్యాల్లో పిల్లల గురించి గానీ స్కూళ్ల గురించి గానీ ఒక్క ముక్క లేదు. పెద్దవాళ్లు పాడిన గది నుంచి పిల్లలు కూర్చునే గదిలోకి ఎలా వచ్చామో చెప్పలేదు. రచయిత చెప్పింది చివరికి నిజమే అయినా కావచ్చు, కానీ ఈ పేరా దాన్ని నిలబెట్టలేదు. హేత్వాభాస అంటే ఇదే, హేతువులా కనపడుతుంది కానీ బరువు మోయదు.

అంకెలు వచ్చిన చోట ఆగండి

అంకె చూడగానే చాలామందికి నోరు మూతపడుతుంది. మీరు మూడు సంగతులు అడగండి: ఏ రోజు నాటి అంకె, దేనిలో ఎంత, ఏ షరతు మీద.

షరతు సంగతి ముందు చూద్దాం, ఎక్కువ మోసం జరిగేది అక్కడే. 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఒక అంచనా ఇచ్చారు, బ్రిటన్‌లో 5,10,000 మంది, అమెరికాలో 22 లక్షల మంది చనిపోవచ్చని. తర్వాత అంతమంది చనిపోలేదు చూడండి, అంచనాలన్నీ బోగస్ అని రాసిన వ్యాసాలు కోకొల్లలు. కానీ ఆ అంకెలకి ముందు ఒక షరతు ఉంది: ప్రభుత్వాలు ఏమీ చేయకుండా, జనం కూడా తమంతట తాము ఏమీ మార్చుకోకుండా ఉంటే. అలా ఎవరూ లేరు. జరగని సందర్భానికి వేసిన లెక్క జరిగినదానితో సరిపోలేదని కొట్టేయడం కుదరదు. అలాగని, చనిపోనివాళ్లందరినీ సామాజిక దూరమే బతికించిందని లెక్కగట్టే వ్యాసం కూడా అదే షరతుని రెండో వైపు నుంచి మింగేస్తోంది.

ఇక స్టడీల విషయం. దూరం పనిచేస్తుందనే వ్యాసాలు 2020 జూన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్షని తెగ వాడతాయి. అది 16 దేశాల్లోని 172 పరిశీలన స్టడీలని పోగేసింది. మీటరు కంటే దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 13 శాతం ఉన్న జబ్బు అంటుకునే రిస్కు, మీటరు దాటితే సుమారు 3 శాతానికి తగ్గిందని దాని సారం. మంచి ఆధారమే. కానీ రచయిత దానితో పాటు చెప్పాల్సినవి రెండున్నాయి: అందులో కోవిడ్‌కి చుట్టాలైన సార్స్, మెర్స్ వ్యాధుల స్టడీలు కూడా కలిసి ఉన్నాయి, రెండు గుంపులు చేసి పోల్చి చూసిన ప్రయోగాలు కావు. ఇది చెప్పి, "అయినా దిశ ఒకటే చూపిస్తోంది" అన్న రచయితని నేను ఎక్కువ నమ్ముతాను. తన ఆధారం బలహీనత తానే చెప్పినవాడి మీద పాఠకుడికి గురి కుదురుతుంది, ఒప్పించడంలో ఇది చిన్న విషయం కాదు.

పోలికలు: ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాడు?

సామాజిక దూరం మీద వ్యాసాల్లో రెండు పోలికలు అరిగిపోయిన రికార్డులా తిరుగుతుంటాయి.

ఒకటి 1918 నాటి ఫ్లూ. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్ల కోసం పెద్ద ఊరేగింపు తీశారు, దాదాపు రెండు లక్షల మంది వచ్చారు. అదే దేశంలోని సెయింట్ లూయిస్‌లో మొదటి కేసులు బయటపడ్డ రెండు రోజులకే, అక్టోబర్ 7న, స్కూళ్లూ సినిమా హాళ్లూ సభలూ మూయించడం మొదలెట్టారు. ఉధృతి పీక్‌లో ఉన్న వారంలో లక్ష మందికి మరణాలు ఫిలడెల్ఫియాలో 257, సెయింట్ లూయిస్‌లో 31. 2007లో వచ్చిన ఒక స్టడీ లెక్క ఇది. ఎనిమిది రెట్ల తేడా, ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ ఏడాది చివరికల్లా మొత్తం మరణాలు చూస్తే తేడా దాదాపు రెండు రెట్లకి దిగింది, సెయింట్ లూయిస్‌లో నవంబర్‌లో ఆంక్షలు సడలించాక ఉధృతి మళ్లీ లేచింది కూడా. రెండు రెట్లు కూడా తక్కువేం కాదు, బోలెడు ప్రాణాలు. మరి వ్యాసం ఏది చెప్పింది? ఎనిమిది రెట్లు మాత్రమే చెప్పి ఊరుకుందా? పీక్ తగ్గించడమే ముఖ్యం, ఆస్పత్రులు ఒకేసారి నిండిపోకుండా ఉండటమే అసలు పాయింట్ అని వాదిస్తూ ఆ అంకె వాడితే సబబే. "ఇన్ని ప్రాణాలు దక్కాయి" అనడానికి అదే అంకె వాడితే తప్పు. ఇక అక్కడి నుంచి వందేళ్ల తర్వాతి వైరస్‌కి రావాలంటే, ఆ ఫ్లూకి పడుచువాళ్లు ఎక్కువగా బలయ్యారు, కోవిడ్ ముసలివాళ్లని ఎక్కువగా తీసుకెళ్లింది అన్న తేడానైనా తాకాలి. ఉపనయం మళ్లీ.

రెండోది స్వీడన్. "స్వీడన్ ఏ ఆంక్షలూ పెట్టలేదు, ఏమీ కాలేదు" అని ఒకరు, "స్వీడన్ పెట్టలేదు, జనం చచ్చిపోయారు" అని ఒకరు. ముందు "ఏమీ పెట్టలేదు" అన్నదే తప్పు. 2020 మార్చి చివర్లోనే 50 మందికి మించి సభలు వద్దన్నారు, పెద్ద క్లాసులకీ యూనివర్సిటీలకీ ఆన్‌లైన్ పాఠాలు పెట్టారు, చిన్న పిల్లల స్కూళ్లు మాత్రం తెరిచే ఉంచారు, మిగతాది ఎక్కువగా జనం విచక్షణకి వదిలారు. పోలిక ఎవరితో అన్నది తర్వాత. 2020లో నార్వే, ఫిన్లండ్‌లతో పోలిస్తే స్వీడన్‌లో జనాభాని బట్టి మరణాలు చాలా రెట్లు ఎక్కువ. అదే బ్రిటన్, ఇటలీ, స్పెయిన్‌లతో పోలిస్తే తక్కువ. ఏ పొరుగుని ఎంచుకున్నాడో చూస్తే రచయిత ఏ తీర్పుకి వస్తాడో ముందే చెప్పేయొచ్చు. రెండు పోలికలూ పెట్టి, తాను ఒకదాన్ని ఎందుకు ఎక్కువ లెక్కలోకి తీసుకుంటున్నాడో చెప్పిన వ్యాసం దొరికితే దాచుకోండి.

పూర్వపక్షాన్ని ఎలా చూపించాడు

శాస్త్రార్థాల్లో, అంటే పాత పండితుల వాదాల్లో, ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం చెప్పి, తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవారు. అవతలివాడి వాదాన్ని వాడు విని "అవును, నేను అనేది ఇదే" అనేంత బాగా చెప్పాలి. వ్యాసంలో ఎదుటి పక్షం గురించి ఉన్న వాక్యాలన్నీ గీత గీసి, ఆ పక్షం మనిషి చదివితే ఒప్పుకుంటాడా అని ఆలోచించండి. "వీళ్లకి బామ్మలు చచ్చినా పర్లేదు" అన్నా, "వీళ్లకి జనాన్ని భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడమే సరదా" అన్నా అది పూర్వపక్షం కాదు, దిష్టిబొమ్మ.

దూరం కావాలనే వ్యాసం ఎదుర్కోవాల్సిన గట్టి ప్రశ్న ఖర్చు గురించి. డబ్బు ఒక్కటే కాదు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు, ఇంటి నుంచి చేయలేని పనులు చేసేవాళ్లు, చదువులు పోయిన పిల్లలు. యునెస్కో లెక్క ప్రకారం 2020 వసంతంలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థుల బడులు మూతపడ్డాయి. వీటిని ఒక్క ముక్కలో "కొంత అసౌకర్యం" అని దాటేస్తే ఆ ఖర్చు భరించినవాడు అక్కడే వ్యాసం మూసేస్తాడు. వద్దనే వ్యాసం ఎదుర్కోవాల్సిన ప్రశ్న ఇంకొకటి: జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది కాబట్టి "నా రిస్కు నా ఇష్టం" అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది? పెద్దవాళ్లని, జబ్బున్నవాళ్లని విడిగా కాపాడండి అంటే, ఒకే ఇంట్లో కలిసి ఉంటే ఎలా?

ప్రాక్టీసు కావాలంటే 2020 అక్టోబర్‌లో కొద్ది రోజుల తేడాలో వచ్చిన రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చదవండి, రిస్కు ఎక్కువున్నవాళ్లని విడిగా కాపాడి మిగతావాళ్లని మామూలుగా బతకనివ్వమన్న గ్రేట్ బారింగ్టన్ డిక్లరేషన్, దాన్ని కాదంటూ జవాబుగా లాన్సెట్‌లో వచ్చిన జాన్ స్నో మెమొరాండం. రెండూ చిన్నవే, రెండింటి వెనుకా పేరున్న శాస్త్రవేత్తలే. ఏది ఎదుటివారి ప్రశ్నని సూటిగా అందుకుంది, ఏది పక్క నుంచి తప్పుకుంది అని మార్జిన్‌లో రాస్తూ వెళ్లండి. ఇద్దరూ ఒకరికొకరు పూర్తిగా జవాబు చెప్పుకున్నారని మాత్రం నాకు అనిపించలేదు.

ఇంకో రకం వ్యాసం ఉంది. ఎదుటివాడి ప్రతి మాటనీ పొడుస్తుంది, తనదంటూ ఒక్క మాట చెప్పదు. దానికి పేరు మీకు తెలిసిందే, వితండవాదం. రోజూ తిట్టుగా వాడతాం కానీ అసలు అర్థం అదే, తన పక్షం నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని కూలగొట్టడం. "మరి ఏం చేయమంటారు?" అని అడిగి, జవాబు వ్యాసంలో ఎక్కడైనా ఉందేమో వెతకండి.

తేదీ చూడండి, రాసిందెవరో చూడండి

ఈ రెండూ త్వరగా అయిపోతాయి. 2020 ఏప్రిల్‌లో రాసిన వ్యాసాన్ని తర్వాత తెలిసిన సంగతులతో కొట్టకూడదు. గాలిలో తేలే సన్నటి తుంపర్ల గురించి పట్టించుకోండని 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసింది 2020 జూలైలో. గాలి ద్వారా వ్యాప్తిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సమాచారంలో స్పష్టంగా చెప్పింది 2021లో. ఆ తర్వాత రాసిన వ్యాసం కూడా వెంటిలేషన్ ఊసెత్తకుండా అడుగుల లెక్క దగ్గరే ఆగిపోతే మాత్రం తప్పు పట్టండి.

రాసినవాడు డాక్టరా, ఎకనామిస్టా, కాలమిస్టా అన్నది ఎంతవరకు పనికొస్తుందంటే, తన రంగం దాటి మాట్లాడుతున్న వాక్యాల దగ్గర మీరు కాస్త నెమ్మదించేంతవరకు. డాక్టరు వ్యాప్తి గురించి చెబితే బరువు ఉంటుంది, అదే డాక్టరు ఉద్యోగాల మీద ప్రభావం "తాత్కాలికమే" అని తేల్చేస్తే దానికి వేరే ఆధారం అడగాలి. ఎకనామిస్టుకీ ఇదే.

కన్నీళ్లు పెట్టించే కథతో మొదలైతే అనుమానించాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆస్పత్రి గాజు అద్దం అవతల నుంచి తండ్రిని చూసిన కూతురి కథ దూరం వల్ల అయిన ఖర్చుని ఏ అంకె కంటే బాగా చెబుతుంది. ఆ కథ అయ్యాక వాదం మొదలైందా, లేక కథే వాదమైపోయిందా అని చూడండి, చాలు.

తీర్పు రాయండి

"బాగుంది", "బాలేదు", పదికి ఆరు అనొద్దు. నాలుగైదు వాక్యాల్లో, దేని వల్ల నిలబడింది, ఎక్కడ జారింది, ఎవరిని ఒప్పించగలదు అని రాయండి. ఇలా ఉండొచ్చు:

"స్కూళ్లలో దూరం నియమం సడలించాలని ఈ వ్యాసం కోరుతోంది. పిల్లల చదువు నష్టం గురించి చెప్పిన భాగం గట్టిగా ఉంది, అంకెలకి తేదీలూ ఉన్నాయి. కానీ వ్యాప్తి గురించి చెప్పిన ఉదాహరణలన్నీ ఆరుబయట జరిగినవి, వాటిని క్లాసురూములకి వర్తింపజేయడానికి కారణం చెప్పలేదు. టీచర్ల భయాన్ని ఒక్క వాక్యంలో ఎగతాళి చేసి వదిలేసింది. ఇప్పటికే విసిగిపోయిన తల్లిదండ్రులకి ఇది నచ్చుతుంది, భయపడుతున్న టీచరు మాత్రం మనసు మార్చుకోడు."

చివరి వాక్యం తప్పనిసరి. ఒప్పించడం అనేది ఎప్పుడూ ఎవరో ఒకరిని ఒప్పించడమే, ఆ మనిషి ఎవరో చెప్పకపోతే తీర్పు గాలిలో ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో మడిచిపెట్టిన కాగితం తీయండి. మీ తీర్పు, ఆ వాక్యం అచ్చంగా ఒకే వైపు మొగ్గుతున్నాయా? మొగ్గొచ్చు, తప్పేం లేదు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు తయారవలేదని తేల్చుకోవడానికి ఒక పని చేయండి. తీర్పులో మీరు పట్టుకున్న ప్రతి లోపం పక్కన, ఇదే లోపం నాకు నచ్చే వ్యాసంలో ఉంటే నేను రాసేవాడినా, రాసేదాన్నా అని అడగండి. "లేదు" అన్న జవాబు ఎక్కడ వస్తే అక్కడ ఆ వాక్యం కొట్టేసి, వ్యాసంలోని ఆ పేరా దగ్గరికి ఇంకోసారి వెళ్లండి.